సావో టోమే, ప్రిన్సిపే: జనం తాకిడి లేని ఈ ద్వీపదేశానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మల్లెతీగ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి లిస్బన్‌లో పీజీ చేస్తోంది. డిసెంబరు ఆఖర్లో నేనూ మావారూ దాని దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి ముగ్గురం ఎక్కడికైనా ఓ వారం పదిరోజులు వెళ్దామనుకుంటుంటే, అమ్మాయి క్లాసులో చదివే పిల్ల ఒకతె "మా దేశం రండి ఆంటీ" అంది. వాళ్ళది సావో టోమే, ప్రిన్సిపే. ఆఫ్రికా పడమటి వైపు గినీ సింధుశాఖలో, గాబన్ తీరానికి ఎదురుగా ఉన్న రెండు దీవులు. రెండూ కలిపినా వెయ్యి చదరపు కిలోమీటర్లే. జనాభా రెండు లక్షల పైచిలుకు.

బాలి వెళ్ళాం, ఫుకెట్ వెళ్ళాం. ఎక్కడ చూసినా వరుసలో నిలబడి ఫొటో తీసుకోవడమే. ఈసారి అక్కడి మనుషులు వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతుంటే మనం పక్కన కాసేపు ఉండి రాగలిగే చోటు కావాలి. తెలుగులో వెతికితే ఈ దేశం గురించి ఏమీ దొరకలేదు. ఎవరైనా వెళ్ళారా? మావారు శాకాహారి, నాకు మోకాళ్ళ నొప్పులు. మా ఇద్దరికీ కుదిరే చోటేనా? ప్రిన్సిపే దీవికి కూడా వెళ్ళాలా, ఒక్క సావో టోమే చాలా?

చిన్నూ_బ్యాక్‌ప్యాక్ (బెంగళూరు)

ఆంటీ, దీవే కావాలంటే మాల్దీవులున్నాయి, అండమాన్ ఉంది. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని మనకు తెలియని దేశానికి ఎందుకు? హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ చూశారా? నీళ్ళు అంత స్వచ్ఛంగా ఉంటాయి. పైగా మన ఫోన్ పని చేస్తుంది, మన తిండి దొరుకుతుంది.

రమణ_లువాండా (అంగోలా)

మల్లెతీగ గారూ, నేను చాలా ఏళ్ళుగా లువాండాలో కన్‌స్ట్రక్షన్ పనిమీద ఉంటున్నాను. ఇక్కణ్ణుంచి సావో టోమేకి విమానం ఉంది. సెలవు దొరికితే మా ఇంట్లోవాళ్ళం వెళ్ళేది అక్కడికే. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఏం ఉండదో చెప్తాను. నీళ్ళ మీద కట్టిన విల్లాలు ఉండవు. పెద్ద మాల్స్ లేవు. బీచ్ అన్నిచోట్లా తెల్లగా ఉండదు. ఇవి అగ్నిపర్వతాల దీవులు, చాలాచోట్ల ఇసుక గోధుమరంగు, కొన్నిచోట్ల నల్లరాయి. కరెంటు పోతుంది. డీజిల్ జనరేటర్ల మీద నడిచే దేశం, రాజధానిలో కూడా కోతలు మామూలే. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. రాజధాని నుంచి దక్షిణాన పోర్టో అలెగ్రే దాకా దూరం చూస్తే తక్కువే, కానీ ఆ దారిలో రెండు మూడు గంటలు తేలిగ్గా పోతాయి.

ఇక ఉన్నదేమిటంటే, దారి మొత్తం అడవి. ఆ అడవిలోంచి ఒక్కసారిగా పీకో కావ్ గ్రాండే కనిపిస్తుంది. అగ్నిపర్వతం గొట్టంలో గట్టిపడిన రాయి, చుట్టూ ఉన్న మట్టి లక్షల ఏళ్ళుగా కొట్టుకుపోతే అది మిగిలింది. సూదిలా 300 మీటర్లకు పైగా నిటారుగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ ఎప్పుడూ మబ్బు. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు డ్రైవరు కారు పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేసి, "కాసేపు ఆగుదాం, మబ్బు తొలుగుతుంది" అన్నాడు. ఆగాం. అరటిపళ్ళు అమ్మే ఒక పెద్దావిడ కూడా తలమీద తట్ట దించి మాతోపాటు కూర్చుంది. మబ్బు తొలిగింది. మాతోపాటు చూసి, తట్ట ఎత్తుకుని ఆవిడ దారిన ఆవిడ వెళ్ళిపోయింది. టికెట్టు లేదు, రెయిలింగ్ లేదు, అరిచి పిలిచేవాళ్ళు లేరు.

చిన్నూ, అండమాన్ మీద నాకేమీ కోపం లేదు, బంగారంలాంటి చోటు. కానీ ఆవిడ అడిగింది వేరు.

గోదారి_కోకో (పెదవేగి దగ్గర, ఏలూరు జిల్లా)

రమణ గారూ, మాకు పామాయిల్ తోటలో, కొబ్బరిలో అంతరపంటగా కోకో ఉంది. సావో టోమే పేరు నేను కోకో మీటింగుల్లో విన్నాను. ఒకప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించిన దేశం ఇదేనని చెప్పారు. నిజమేనా? ఇప్పుడు అక్కడి రైతుల పరిస్థితి ఎలా ఉంది? గింజ ఎలా ఆరబెడతారు? వానలు అంత ఎక్కువైతే బూజు పట్టదా?

రమణ_లువాండా

నిజమే అండీ. కోకో మొక్క 1820ల్లో బ్రెజిల్ నుంచి ముందు ప్రిన్సిపేకి వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో ఈ చిన్న దేశం ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉండేది. పెద్ద పెద్ద ఎస్టేట్లు. వాటిని "రోసా" అంటారు. ఒక్కో రోసా అంటే ఒక ఊరు: యజమాని బంగళా, చర్చి, ఆసుపత్రి, కూలీలుండే లైన్ ఇళ్ళు, ఆరబెట్టే షెడ్లు, కొన్నిచోట్ల సొంత రైలు పట్టాలు కూడా.

1975లో స్వాతంత్ర్యం వచ్చాక రోసాలన్నీ ప్రభుత్వం తీసుకుంది. పోర్చుగీసువాళ్ళు వెళ్ళిపోయారు, నడిపే అనుభవం ఉన్నవాళ్ళు లేరు, దిగుబడి పడిపోయింది. 1990ల్లో భూమిని చిన్న కమతాలుగా రైతులకు పంచారు. ఇప్పుడు సేంద్రియ కోకో రైతులకు సెకాబ్ అని ఎగుమతుల సహకార సంఘం ఉంది. మొత్తం పంట పాతకాలంతో పోలిస్తే చాలా తక్కువ, కానీ పేరుంది.

గింజ సంగతి. కాయ కొట్టి, తెల్లగుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి అరటాకులు కప్పుతారు. ఆరేడు రోజులు పులుస్తుంది, మధ్యలో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి తిరగబోస్తారు. చెయ్యి పెడితే లోపల వేడి తగులుతుంది. పులిసిన వాసన షెడ్డు బయటిదాకా వస్తుంది. ఎండ సరిపోనిచోట కింద కట్టెలు మండించి, పైన పరిచిన గింజల్ని చెక్క పారలతో తిరగేస్తూ ఆరబెడతారు. మీరు అడిగిన బూజు అక్కడ పెద్ద సమస్యే, అందుకే ఆ వేడి గదులు. పొగ వాసన గింజకు పట్టకుండా చూడటమే పనితనం అని అక్కడి మేస్త్రి నాకు చెప్పాడు.

గోదారి_కోకో

మేం బుట్టల్లో, గోనెసంచుల్లో పులియబెడతాం, కొందరు ఇప్పుడిప్పుడే పెట్టెలకు మారుతున్నారు. ధర విషయంలో వాళ్ళ పరిస్థితీ మాలాగే ఉండి ఉంటుంది. 2024 చివర్లో ప్రపంచ మార్కెట్టులో టన్ను 12 వేల డాలర్లు దాటింది. ఆ తర్వాత పడిపోయింది. 2025లో మా ప్రాంతంలో రైతులు ధర కోసం రోడ్డెక్కారు. మల్లెతీగ గారూ, మీరు వెళ్తే దయచేసి ఆ ఆరబెట్టే గదుల ఫొటోలు, పెట్టెల కొలతలు పెట్టండి. మాకు తుఫాను రోజుల్లో అదే ఇబ్బంది.

మల్లెతీగ

తప్పకుండా పెడతానండీ. మా నాన్నగారు కూడా రైతే. మోకాళ్ళు సహకరించినంత దూరం తిరుగుతాను.

చరిత్ర_పుటలు (విశాఖపట్నం)

ఈ చర్చలో ఒక విషయం చేరకపోతే వెలితిగా ఉంటుంది. రోసాల గురించి బంగళా, రైలుపట్టాలు అని చెప్పుకుని వదిలేయకూడదు.

1470 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు వచ్చేదాకా ఈ దీవుల్లో మనుషులే లేరు. ఇప్పుడున్న జనం దాదాపు అందరూ ఆఫ్రికా ఖండం నుంచి బలవంతంగా తెచ్చినవాళ్ళ సంతానమే. 16వ శతాబ్దంలో చెరకు తోటలు, వాటిలో బానిసలు. 1595లో అమడోర్ అనే ఆయన నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు జరిగింది. ఇవాళ్టికీ ఆయన్ని "రాజు" అనే పిలుస్తారు, నోట్ల మీద ఆయన బొమ్మ వేశారు.

1875లో బానిసత్వం రద్దయింది. కానీ కోకోకి చేతులు కావాలి. అంగోలా లోపలి ప్రాంతాల నుంచి మనుషుల్ని "కాంట్రాక్టు" మీద తెచ్చారు. గడువు తీరాక వెనక్కి పంపడమన్నది జరిగేదే కాదు. ఈ సంగతి బయటికి పొక్కాక 1909లో క్యాడ్‌బరీ, ఇంకా కొన్ని బ్రిటిష్ చాక్లెట్ కంపెనీలు అక్కడి కోకో కొనడం ఆపేశాయి. తర్వాత కేప్ వర్డ్ దీవుల నుంచి, మొజాంబిక్ నుంచి కూలీలు వచ్చారు. 1953 ఫిబ్రవరి 3న బతెపాలో మొదలైన హత్యాకాండలో, తోటల్లో బలవంతపు పనికి ఒప్పుకోని స్థానికుల్ని వెంటాడి చంపారు. ఆ రోజు ఇప్పుడు జాతీయ సెలవు. ఫెర్నావ్ డియాస్ అనే తీరంలో స్మారకం ఉంది.

ఇది మనకు పరాయి కథ కాదు. మా ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి ప్రాంతం నుంచి మన వాళ్ళూ కాగితం మీద వేలిముద్ర వేసి, కోరంగి, మద్రాసు రేవుల్లో ఓడెక్కి మారిషస్‌కి, ఫిజీకి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు. చెరకు తోటలు, లైన్ ఇళ్ళు, గడువు, మేస్త్రి. మనవాళ్ళలో కొందరైనా తిరిగొచ్చారు. మనవాళ్ళలో కొందరైనా తిరిగొచ్చారు.

మల్లెతీగ

చదివాక మనసు భారమైంది. అయితే అలాంటి చోటుకి మేం సరదాకి వెళ్ళడం సబబేనా అనిపిస్తోంది. ఆ పాత ఆసుపత్రుల్లో, లైన్లలో ఇంకా జనం ఉంటున్నారని అమ్మాయి చెప్పింది. వాళ్ళ పేదరికాన్ని చూడటానికి వెళ్ళినట్టు అవుతుందేమో.

రమణ_లువాండా

మంచి ప్రశ్న వేశారు. అక్కడికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఈ ప్రశ్న వేసుకోవాలి.

అగస్టీనో నెటో అని ఒక రోసా ఉంది. పాతపేరు రియో దో ఔరో. లోపలికి వెళ్ళగానే రాళ్ళు పరిచిన వెడల్పాటి దారి, మెట్లుమెట్లుగా పైకి, చివర కొండమీద ఆసుపత్రి. ఒకప్పుడు గొప్ప ఆసుపత్రి. ఇప్పుడు అందులో కుటుంబాలు ఉంటున్నాయి. కిటికీల మీద బట్టలు ఆరేసి ఉంటాయి, వరండాలో పొయ్యి, మెట్లమీద పిల్లలు. పర్యాటకులు కొందరు కారు దిగుతారు, ఫొటోలు తీస్తారు, "పాడుబడ్డ భవనం" అని పెట్టేసి వెళ్ళిపోతారు. అది పాడుబడ్డ భవనం కాదు, ఇల్లు. ఎవరో వంట చేసుకుంటున్న ఇల్లు.

మేం వెళ్ళినప్పుడు ఆ ఊరి కుర్రాణ్ణే గైడుగా పెట్టుకున్నాం. అతని అమ్మమ్మ కేప్ వర్డ్ నుంచి వచ్చిందట. ఏ గదిలో ఎవరున్నారో, ఎవరి దగ్గర ఆగొచ్చో అతనికి తెలుసు. "బోం దియా" అని పలకరించి, వాళ్ళు రమ్మంటేనే లోపలికి వెళ్ళాం. ఒక ఇంట్లో సీమపనస కాల్చి పెట్టారు. నిప్పుల మీద తొక్క నల్లగా మాడేదాకా కాల్చి, చీల్చి, లోపలి గుజ్జు అరటాకు ముక్కమీద పెట్టి ఇచ్చారు. ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, మీ ఊళ్ళో వానలు బాగా పడతాయా అని.

ఇక నా సలహాలు. పిల్లలు "దోసె, దోసె" అంటూ వెంటపడతారు, అంటే మిఠాయి. ఇవ్వకండి. ఇచ్చి ఇచ్చి పర్యాటకులే ఆ అలవాటు చేశారు, పళ్ళు పుచ్చిపోయి అక్కడ డాక్టరు దొరక్క బాధపడేది పిల్లలే. ఏమైనా ఇవ్వాలనుకుంటే బడిలో టీచరుని అడిగి నోటుపుస్తకాలు ఇవ్వండి. మనుషుల ఫొటో అడక్కుండా తీయొద్దు. బస రాజధానిలో ఒకే హోటల్లో వేసుకుని రోజూ కారులో తిరిగే బదులు, ఊళ్ళలో ఉన్న చిన్న గెస్ట్‌హౌసుల్లో రెండేసి రాత్రులు ఉండండి. గైడు, వంట, చేపలు, చాక్లెట్ అన్నీ అక్కడివాళ్ళ దగ్గరే కొనండి. ఆ దేశానికి కోకో, పామాయిల్ తప్ప పెద్ద ఎగుమతి లేదు, పర్యాటకులొస్తే వాళ్ళకు నిజంగా ఆసరా. వెళ్ళడం తప్పు కాదు. ఎలా వెళ్తామన్నదే చూసుకోవాలి.

చరిత్ర_పుటలు

రమణ గారితో ఏకీభవిస్తాను. మల్లెతీగ గారూ, మొదటిరోజే రాజధానిలోని సావో సెబాస్టియావ్ కోటకు వెళ్ళండి. 1575లో కట్టిన కోట, ఇప్పుడు జాతీయ మ్యూజియం. తర్వాత ఏ రోసాకి వెళ్ళినా మీకు కనిపించేది వేరుగా ఉంటుంది.

గుంటూరు_ఖగోళం

ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని. ప్రిన్సిపే పేరు వినగానే ఒళ్ళు పులకరించింది. అమ్మా, ప్రిన్సిపే వెళ్ళాలా వద్దా అని అడిగారు కదా, నా మాటగా ఒక్కటే చెప్తాను, వెళ్ళండి. సుండీ అనే రోసాకి వెళ్ళండి.

1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగాలి. ఎంత? 1.75 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). పగలు నక్షత్రాలు కనబడవు కాబట్టి గ్రహణంలోనే కొలవాలి. ఇంగ్లండ్ నుంచి రెండు బృందాలు బయల్దేరాయి, ఒకటి బ్రెజిల్‌లోని సొబ్రాల్‌కి, ఇంకోటి ప్రిన్సిపేకి. ప్రిన్సిపేకి వచ్చింది బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్, ఆయనతో గడియారాల పనిమంతుడు కాటింగ్‌హామ్. సుండీ కోకో తోటలో టెలిస్కోపు బిగించారు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నానికి వాన ఆగింది, మబ్బు పోలేదు. గ్రహణం అయిదు నిమిషాలు. ఎడింగ్టన్ ఫొటో ప్లేట్లు మార్చే హడావిడిలో ఆకాశం వంక సరిగా చూడనే లేదట. 16 ప్లేట్లు తీస్తే పనికొచ్చే నక్షత్రాలు పడినవి రెండే. ఆ రెండిటినీ, సొబ్రాల్ ప్లేట్లనూ కలిపి నవంబరు 6న లండన్‌లో ఫలితం ప్రకటించారు. ఐన్‌స్టీన్ పేరు ప్రపంచం మొత్తానికీ తెలిసింది అప్పుడే.

ఇంకో ముచ్చట. మే 29 అంటే మనకు రోహిణి కార్తె, సూర్యుడు రోహిణిలో ఉండే రోజులు. వాళ్ళు కొలిచిన నక్షత్రాలు సరిగ్గా ఆ రోహిణి పక్కనే కనబడే హయడీస్ గుంపులోవి. అంత కాంతివంతమైన నక్షత్రాలు సూర్యుడి వెనక దొరికే గ్రహణం అరుదు. అందుకే అంత దూరం ఓడలో వచ్చారు.

మా గుంటూరుకి కూడా ఈ భాగ్యం ఉంది. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. బందరులో పాగ్సన్ చూశాడు. హీలియం వాయువుని కనుగొన్న కథ అక్కడే మొదలైంది. కానీ ఇవాళ గుంటూరులో ఆ చోటు ఏదని అడిగితే చూపించడానికి సరైన ఆనవాలు లేదు. ప్రిన్సిపేవాళ్ళు మాత్రం సుండీలో ఫలకం పెట్టుకున్నారు, 2019లో శతాబ్ది ఉత్సవం చేసుకున్నారు. కొన్ని వేల జనాభా ఉన్న దీవి చేసుకుంది!

మల్లెతీగ

మాస్టారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. ఆయన ఇంజనీరు. ఇందాకటిదాకా "ఎందుకొచ్చిన దూరం" అంటున్నాయన, ఇప్పుడు ప్రిన్సిపే లేకపోతే అసలు ప్రయాణమే వద్దంటున్నారు.

చిన్నూ_బ్యాక్‌ప్యాక్

నేను కూడా ఇప్పుడే మ్యాప్ తీసి చూశాను. సావో టోమే నుంచి ప్రిన్సిపే 150 కిలోమీటర్లు ఉంది. పడవ ఉందా? విమానం కంటే చవగ్గా వెళ్ళొచ్చా? పాములు ఉన్నాయా? ఒకచోట నల్ల త్రాచు అని చదివాను.

రమణ_లువాండా

పడవ వద్దు తమ్ముడూ. సముద్రం అక్కడ నెమ్మదిగా ఉండదు, పడవల్లో సరుకూ జనమూ కలిపి ఎక్కిస్తారు. 2019లో ప్రిన్సిపేకి వెళ్తున్న ఫెర్రీ మునిగి ప్రాణాలు పోయాయి. చిన్న విమానం ఉంది, ముప్పావుగంటలోపు చేరుస్తుంది. సీట్లు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. వాతావరణం బాగాలేక విమానం ఆగిపోవడం కూడా ఉంటుంది, అందుకే ప్రిన్సిపే నుంచి తిరిగొచ్చిన మర్నాడే లిస్బన్ విమానం పెట్టుకోకండి. మధ్యలో రెండు రోజులు వదలండి.

పాము ఉంది. అక్కడివాళ్ళు కోబ్రా ప్రెతా అంటారు. చాలాకాలం ఎలుకల కోసం పోర్చుగీసువాళ్ళు తెచ్చి వదిలారని చెప్పుకునేవారు. 2017లో శాస్త్రవేత్తలు పరీక్షించి అది సావో టోమేలో మాత్రమే పుట్టిన వేరే జాతి అని తేల్చారు. విషం గట్టిదే. ప్రిన్సిపేలో ఉండదు. గైడు లేకుండా కోకో తోటల్లోకి, అడవిలోకి వెళ్ళకండి, బూట్లు వేసుకోండి, ఎక్కడ చెయ్యి పెడుతున్నారో చూసుకోండి. మన పొలాల్లో తీసుకునే జాగ్రత్తే.

సాగర్_విశాఖ

నేను ఆర్‌కే బీచ్ దగ్గర తాబేళ్ళ గుడ్ల సంరక్షణలో వాలంటీరుగా పని చేస్తాను. మన తీరానికి ఆలివ్ రిడ్లీలు వస్తాయి కదా, సావో టోమేకి అవీ వస్తాయి, వాటితోపాటు పచ్చతాబేళ్ళు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ కూడా. మీరు వెళ్ళే రోజులు గుడ్లు పెట్టే కాలమే, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఎక్కువ. ఉత్తరాన మొర్రో పెయిషే, దక్షిణాన ప్రాయా జలే తీరాల్లో స్థానిక సంరక్షకులతో కలిసి రాత్రిపూట వెళ్ళొచ్చు.

నియమాలు గట్టిగా పాటించండి. తెల్ల టార్చి వెయ్యొద్దు, ఎర్ర లైటు మాత్రమే. ఫోన్ ఫ్లాష్ అస్సలు వద్దు. తాబేలు ఒడ్డెక్కి గొయ్యి తవ్వేటప్పుడు దగ్గరికి వెళ్తే భయపడి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. గుడ్లు రాలడం మొదలయ్యాక మాత్రం కదలదు. అప్పుడు వెనక వైపు నుంచి, గైడు చెప్పినంత దూరంలో కూర్చుని చూడాలి. పచ్చతాబేలైతే వెనక కాళ్ళని అరచేతుల్లా ముడిచి ఇసుక తీస్తుంది, ఒకటి తీశాక ఇంకోటి, ఎంత శ్రద్ధగా తీస్తుందో. కళ్ళలోంచి నీళ్ళలా కారుతుంటుంది, అది ఏడుపు కాదు, ఒంట్లో ఉప్పు బయటికి పంపడం.

అక్కడ ఒకప్పుడు తాబేలు మాంసం బజారులో మామూలుగా అమ్మేవాళ్ళు, హాక్స్‌బిల్ చిప్పతో దువ్వెనలు, గాజులు చేసేవాళ్ళు. 2014లో చట్టం వచ్చింది. ఎవరైనా చాటుగా గాజు చూపించి అమ్మబోయినా కొనకండి. మన ఎయిర్‌పోర్టులో పట్టుకున్నా నేరమే.

మల్లెతీగ

ఇది మా అమ్మాయికి బాగా నచ్చుతుంది. సాగర్ గారూ, చాలా థాంక్స్. ఇక తిండి, ఆరోగ్యం సంగతి ఎవరైనా చెప్పండి.

రమణ_లువాండా

తిండి. అక్కడి మెనూ అంతా చేప. కలులు అని ప్రసిద్ధమైన కూర ఉంది. ఎండబెట్టి పొగపట్టించిన చేప, బెండకాయ, ఆకుకూరలు, ఎర్ర పామాయిల్ వేసి గంటలకొద్దీ ఉడికిస్తారు. నాకు ప్రాణం. మీవారికి మాత్రం ముందు రోజే చెప్పాలి. "సెం కార్ని, సెం పెయిష్" అంటే మాంసం, చేప లేకుండా అని. అక్కడ అన్నం దొరుకుతుంది, బీన్స్ దొరుకుతుంది, వేయించిన అరటికాయ, సీమపనస, కర్రపెండలం, చేమదుంప, బొప్పాయి, పనసపండు అన్నీ ఉంటాయి. ఆకలితో ఉండరు. పప్పు, ఊరగాయ, పొడులు వెంట తీసుకెళ్ళండి. ఈతచెట్ల కల్లులాగే అక్కడ పామ్‌వైన్ ఉదయాన్నే తాజాగా దించుతారు, ఇష్టమైనవాళ్ళకు.

కుదిరితే సావో జొవావ్ దోస్ అంగొలారెస్ రోసాలో ఒక పూట భోజనం చేయండి. టీవీ వంటల ద్వారా పేరొచ్చిన జొవావ్ కార్లోస్ సిల్వా నడిపే చోటు. పాత బంగళా వరండా, ముందు లోయ, చిన్నచిన్న వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. రాజధానిలో క్లాడియో కొరాల్లో చాక్లెట్ కార్ఖానా ఉంది, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. రుచి చూపిస్తూ గింజ నుంచి బిళ్ళ దాకా చెప్తారు. గోదారి_కోకో గారూ, మీరు వెళ్తే రోజంతా అక్కడే ఉండిపోతారు. కాఫీ ఇష్టమైతే కొండమీద మోంటే కఫే రోసాలో కాఫీ మ్యూజియం ఉంది.

ఆరోగ్యం. మలేరియా ఉంది. వెళ్ళేముందు డాక్టరుని కలిసి నివారణ మాత్రలు రాయించుకోండి, దోమల క్రీము, పొడుగు చేతుల బట్టలు తప్పనిసరి. పెద్ద జబ్బొస్తే అక్కడి ఆసుపత్రిలో సౌకర్యాలు పరిమితం, కాబట్టి విమానంలో తరలింపు ఉన్న ఇన్సూరెన్స్ తీసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ఇండియాలోనే వేయించుకుని బయల్దేరండి. లిస్బన్ నుంచి వెళ్ళే విమానాలు చాలావరకు ఘనాలోని అక్రాలో ఆగుతాయి. ఎల్లో ఫీవర్ దేశాల నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఆ టీకా వేయించుకున్నట్టు పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేసిన పదిరోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకండి. వయసు అరవై దాటితే టీకా ముందు డాక్టరుతో మాట్లాడటం ముఖ్యం.

చిన్నూ_బ్యాక్‌ప్యాక్

హైదరాబాద్‌లో ఆ టీకా నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మా అన్నయ్య కెన్యా వెళ్ళినప్పుడు అక్కడే వేయించుకున్నాడు. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందు కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళండి ఆంటీ.

మల్లెతీగ

అన్నీ రాసుకున్నాను. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. రాజధానిలో దిగి కోట, మ్యూజియం, బజారు. తర్వాత మోంటే కఫే. ఆపైన దక్షిణాన అంగొలారెస్, దారిలో పీకో కావ్ గ్రాండే, జలే తీరంలో తాబేళ్ళు. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి విమానంలో ప్రిన్సిపే, సుండీ. మళ్ళీ సావో టోమేలో రెండు రోజులు ఖాళీ. రోలాస్ దీవిలో భూమధ్యరేఖ గుర్తు ఉందట, అది వదిలేద్దామా?

గుంటూరు_ఖగోళం

భూమధ్యరేఖ వదలకండమ్మా! రెండు కాళ్ళూ రెండు అర్ధగోళాల్లో పెట్టి నిలబడే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? అక్కడ రాత్రి ఆకాశంలో ధ్రువనక్షత్రం సరిగ్గా దిగంతం మీద ఉంటుంది, అంటే కనబడనట్టే. దక్షిణం వైపు త్రిశంకు నక్షత్రాలు తెల్లవారుజామున పైకి వస్తాయి. మబ్బు లేకపోతే మీ అమ్మాయికి చూపించండి.

రమణ_లువాండా

ప్లాన్ బాగుంది. రోలాస్‌కి పోర్టో అలెగ్రే వైపు నుంచి పడవలో కొద్దిసేపే. జలేలో ఉన్నప్పుడు ఒక పూట వెళ్ళొచ్చు. గుర్తున్న చోటికి కాస్త ఎక్కాలి, మోకాళ్ళ విషయం చూసుకోండి, తొందరలేదని గైడుకి ముందే చెప్పండి. లైఫ్‌జాకెట్ లేని పడవ ఎక్కకండి.

ప్రిన్సిపే గురించి ఒకటి. ఆ దీవి 2012 నుంచి యునెస్కో జీవావరణ మండలం (బయోస్ఫియర్ రిజర్వ్). ప్లాస్టిక్ తగ్గించడానికి అక్కడ ఒక మంచి పని చేశారు. 50 ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఏరి తెచ్చినవాళ్ళకు మళ్ళీమళ్ళీ వాడుకునే స్టీలు సీసా ఒకటి ఇచ్చారు, నింపుకోవడానికి మంచినీళ్ళ కేంద్రాలు పెట్టారు. బడిపిల్లలు దీవంతా ఏరేశారు. మీరు హైదరాబాద్ నుంచే స్టీలు సీసాలు తీసుకెళ్ళండి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ మీతోనే వెనక్కి తేండి, అక్కడ దాన్ని ఏం చేసే వీలూ లేదు. చెట్లమీద బూడిదరంగు చిలకలు గుంపులుగా అరుస్తుంటాయి, మన దగ్గర పంజరాల్లో వేలకు వేలు పోసి కొంటారే, అవే. పొద్దున్నే లేస్తే చాలు.

మల్లెతీగ

వీసా సంగతి అమ్మాయి లిస్బన్‌లోని వాళ్ళ రాయబార కార్యాలయంలో అడుగుతోంది. తెలిశాక ఇక్కడే రాస్తాను, తర్వాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది. డబ్బులు ఎలా? కార్డులు చెల్లుతాయా?

రమణ_లువాండా

కార్డుల మీద ఆధారపడకండి. యూరోలు నోట్ల రూపంలో తీసుకెళ్ళండి, చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి. వాళ్ళ డబ్బు దోబ్రా, యూరోకి 24.5 దోబ్రాలు, స్థిరమైన రేటు. గెస్ట్‌హౌసులు, గైడులు యూరోలు తీసుకుంటారు. బజారులో, ఊళ్ళలో దోబ్రాలే ఇవ్వండి, ఐదు యూరోల నోటు ఇస్తే అరటిపళ్ళు అమ్మే ఆవిడ చిల్లర ఎక్కణ్ణుంచి తెస్తుంది? దక్షిణానికి వెళ్ళేముందే రాజధానిలో మార్చుకోండి. జనవరి 4 అమడోర్ రాజు సెలవు, బ్యాంకులుండవు. మీ తేదీలు దాని చుట్టూనే పడుతున్నట్టున్నాయి, 2వ తేదీకే ఆ పని ముగించుకోండి.

గోదారి_కోకో

మల్లెతీగ గారూ, పెట్టెల కొలతలతోపాటు ఒక ముఖ్యమైనది: పెట్టెల అడుగున రసం కారడానికి రంధ్రాలు ఎంత దూరంలో వేశారో, ఆరబెట్టే నేల కింద పొగగొట్టం ఎటు పెట్టారో కూడా చూడండి. రమణ గారూ, అక్కడి మేస్త్రితో మాట్లాడించగలిగితే నేను వీడియో కాల్‌లో ఉంటాను. భాష మీరే కలపాలి.

రమణ_లువాండా

అలాగే అండీ. ఆగ్వా ఇజే రోసా వైపు నాకు తెలిసిన ఒక సహకార సంఘం షెడ్డు ఉంది. మల్లెతీగ గారు తేదీలు ఖాయం చేశాక నేను వాళ్ళతో ముందుగా మాట్లాడతాను. గింజలు తిరగబోసే రోజున వెళ్తేనే మీకు కావలసింది కనబడుతుంది, మామూలు రోజు వెళ్తే మూతపెట్టిన పెట్టెలే ఉంటాయి. అక్కడ నెట్‌వర్క్ అంతంతమాత్రం, వీడియో కాల్ కుదరకపోతే రికార్డు చేయిస్తాను. మీ ప్రశ్నలు ఒక్కొక్కటీ రాసి నాకు మెసేజ్ పెట్టండి, పోర్చుగీసులోకి రాసి పంపిస్తాను.